గాలి తీస్తేనే బండి కదిలేది

కొండదారుల్లో ఆరితేరిన కొరాపుట్ జీపు కడలి ఒడ్డున ఎందుకు చతికిలపడుతుంది? ఇసుక మీద ఫోర్ వీల్ డ్రైవ్ బండి నడపాలంటే తెలియాల్సిందేమిటి? ఎక్కడ అసలు నడపకూడదు?

కోనాడ. విజయనగరం జిల్లాలో చంపావతి నది సముద్రంలో కలిసే చోటు. మొగకు కాస్త ఇవతల, పొడి ఇసుకలో ఎర్ర థార్ ఒకటి వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడి ఆగిపోయింది. నంబరు ప్లేటు మీద ఓడీ 10, అంటే ఒడిశా కొరాపుట్ జిల్లా బండి. సునాబెడ టౌన్‌షిప్ నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన కుటుంబం అది. స్టీరింగ్ ముందున్న కుర్రాడు యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. తొక్కినప్పుడల్లా ఇసుక వెనక్కి ఎగజిమ్ముతోంది, ఇంజను రొద పెడుతోంది, బండి మాత్రం ముందుకు పోవడం మాని కిందికి దిగుతోంది.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి దగ్గరికొచ్చాడు.

“బాబూ, అలాగ తొక్కీకండి. తొక్కే కొద్దీ దిగిపోద్ది. ముందు చక్రాల్లో గాలి తీసీండి.”

“గాలి తీస్తే ఇంకా కూరుకుపోదా తాతా?”

“పోదు. నాను సెప్తన్నాను గదా, తీసీండి.”

కుర్రాడు నమ్మలేదు. వెనక సీట్లోంచి దిగిన తండ్రి నమ్మాడు. వాల్వు మూత తిప్పి, తాళంచెవి కొనతో లోపలి పిన్ను నొక్కి పట్టాడు. బుస్సుమంటూ గాలి పోతుంటే టైరు అడుగు మెల్లగా వెడల్పవడం కంటికి కనిపించింది. నాలుగు చక్రాలకూ అదే పని చేశారు. తర్వాత పెద్దాయన తెచ్చిన పారతో చక్రాల వెనకా, బండి పొట్ట కిందా ఇసుక తోడారు. రెండు కొబ్బరి మట్టలు వెనక చక్రాల అడుగుకు దూర్చారు. అప్పుడు గానీ ఎవరూ గేర్ల పక్కనున్న చిన్న లివరు వైపు చూడలేదు. అది ఇంకా రెండు చక్రాల మీదే ఉంది! నాలుగు చక్రాలకు మార్చి, రివర్సు గేరులో, యాక్సిలరేటర్‌ను తాకీ తాకనట్టు నొక్కితే బండి తను వచ్చిన గాడిలోనే వెనక్కి నడిచి గట్టి నేల ఎక్కింది. మనుషులెవరూ తోయనక్కర్లేకపోయింది.

ట్రాక్టరుతో పడవలు లాగే ఊళ్లలో పెద్దాయన చెప్పిన మాట కొత్తదేమీ కాదు. జాలరి పేటలో చిన్నపిల్లలకూ తెలుసు. లక్షలు పోసి బండి కొన్నవాళ్లకే తెలియడం లేదు. షోరూములో ఎవరూ చెప్పరు. బండితో పాటిచ్చే పుస్తకం ఎవరూ చదవరు.

ఇంజన్ల ఊరు, ఇసుక లెక్క

సునాబెడ ఇంజన్ల ఊరు. 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇక్కడ నెలకొల్పిన విభాగంలో మిగ్-21 యుద్ధవిమానాలకు ఇంజన్లు తయారయ్యాయి. ఆ విమానం 2025 సెప్టెంబరు 26న వాయుసేన నుంచి సెలవు తీసుకుంది. సుఖోయ్-30 ఎంకేఐకి అమర్చే ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజను ఇప్పుడూ ఇక్కడి పనే. ఆ ఒక్క ఇంజను పూర్తి బలంతో 12 టన్నులకు పైగా తోస్తుంది. పక్క జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు టౌన్‌షిప్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. అలాంటి ఇళ్లలో పెరిగిన పిల్లలకు బలం అంటే ఏమిటో వేరే చెప్పాల్సిన పనిలేదు. బండి కొనేటప్పుడు హార్స్‌పవర్ ఎంత, టార్క్ ఎంత అని అడిగి మరీ కొంటారు.

ఇసుక ఆ ప్రశ్న అడగదు. చదరపు సెంటీమీటరు మీద ఎంత బరువు మోపుతున్నావన్నదే దాని లెక్క.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. మనుషులతో, సామానుతో కలిపి బండి రెండు వేల కిలోలు ఉందనుకుందాం. టైర్లలో గాలి 30 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.1 కిలోలు. టైరు నేల మీద మోపే ఒత్తిడి సుమారుగా లోపలి గాలి ఒత్తిడి అంతే ఉంటుంది. రెండు వేలను 2.1తో భాగిస్తే 950 చిల్లర, నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 240 చదరపు సెంటీమీటర్లు. రెండు టన్నుల బండి నేలను తాకుతున్నది చక్రానికి రెండు పోస్టుకార్డులంత మేరే. గాలిని 15కు తగ్గిస్తే అదే నాలుగు పోస్టుకార్డులవుతుంది. బరువు మారలేదు, ఇంజను మారలేదు. ఇసుక మీద పడే ఒత్తిడి మాత్రం సగానికి సగం తగ్గింది. టైరు పక్కలు కూడా కొంత బరువు మోస్తాయి కాబట్టి లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ సారం ఇదే.

గాలి తీసిన టైరు వెడల్పుగా సాగుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా సాగేది పొడవునే. ముందుకూ వెనక్కూ పొడవైన అడుగు పడడం వల్ల చక్రం ఇసుకను తవ్వదు, దాని మీదుగా పాకుతుంది. గట్టి టైరు అయితే తన ముందు తనే చిన్న ఇసుక గట్టు పోగేసుకుని, అడుగడుగునా దాన్ని ఎక్కుతూ పోవాలి. చదునైన ఒడ్డు మీద కూడా ఇంజను ఎదురెక్కుతున్నట్టు మూలిగేది అందుకే.

కొండ నేర్పినది కొంతే పనికొస్తుంది

కొరాపుట్ సీమకు జీపు కొత్త కాదు. మహీంద్రా వాళ్లు 1949లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టాక దేశంలో తారు ముఖం చూడని ఊళ్లన్నిటికీ అదే వాహనమైంది. కుందులి సంతకు మనుషుల్ని, కోళ్లను, అల్లం బస్తాలను ఒకే బండిలో కుక్కి తెచ్చే డ్రైవర్లను చూసినవాళ్లెవరూ వారి నైపుణ్యాన్ని శంకించరు. వానాకాలంలో 1,672 మీటర్ల దేవమాలి చుట్టుపక్కల పల్లెదారులు ఎర్రటి బురదై జారుతుంటే, ఏ చక్రం ఎక్కడ మోపాలో వాళ్లకు పాదంతోనే తెలిసిపోతుంది.

నేలను చదవడం అనే ఆ గుణం సముద్రం ఒడ్డున కూడా అక్షరాలా పనికొస్తుంది. అలవాట్లే కొన్ని ఎదురు తిరుగుతాయి.

బురదకు అడుగున గట్టి నేల ఉంటుంది. చక్రం కాసేపు తిరిగితే పైపొర కోసుకుని దాన్ని అందుకుంటుంది. పళ్ల సందుల్లో పట్టిన మట్టి కూడా ఆ తిరుగుడులో ఊడిపోతుంది. పొడి ఇసుకకు అలాంటి అడుగు లేదు. తిరిగే చక్రం గొయ్యి తవ్వుకుంటూనే పోతుంది. బురదలో ఆదుకునే పెద్ద పళ్ల టైరు ఇసుకలో పారలా పనిచేస్తుంది, సాదా పళ్ల టైరే నయం. కొండ మీద నెమ్మదిగా, పెద్ద బలమున్న చిన్న గేరులో ఎక్కడం పద్ధతి. ఇసుకలో మరీ నెమ్మదిస్తే బండి ఆగుతుంది, ఆగితే దిగుతుంది. కాబట్టి వేగం ఎక్కువా కాకుండా, తక్కువా కాకుండా ఒకే ఊపులో సాగాలి. గేరు మార్చేటప్పుడు పోయే ఆ క్షణం ఊపు చాలు బండి కూలబడడానికి. అందుకే మెత్తటి చోటు రాబోతోందంటే ముందే తగిన గేరులో ఉండాలి.

బ్రేకు సంగతి మరీ ముఖ్యం. ఘాట్ డ్రైవరుకు బ్రేకు ప్రాణం. ఇసుకలో బ్రేకు తొక్కితే నాలుగు చక్రాల ముందూ నాలుగు గట్లు లేస్తాయి, మళ్లీ కదలాలంటే ఆ నాలుగూ దాటాలి. ఆపాలనుకుంటే యాక్సిలరేటర్ వదిలేసి బండిని దానంతటదే ఆగనివ్వడం మంచిది. అదీ ముక్కు పల్లం వైపు ఉండేలా చూసుకుని. స్టీరింగ్ కూడా ఒక్కసారిగా కోయకూడదు. పక్కకు తిరిగిన ముందు చక్రాలు నాగలి కర్రులా ఇసుకను దున్నుతాయి. గాలి తక్కువున్న టైరు ఆ మలుపులో రిమ్ము నుంచి ఊడే ప్రమాదం కూడా ఉంది. దిబ్బ ఎక్కాల్సి వస్తే నిటారుగా ఎక్కి నిటారుగా దిగాలి. దిబ్బ ఏటవాలుకు అడ్డంగా పోయిన బండి పల్టీ కొడుతుంది. అక్కడ అనుభవం ఉన్నా లేకపోయినా ఒకటే.

కొనేవాళ్లకు ఇంకో మాట. థార్ అన్నంత మాత్రాన అది నాలుగు చక్రాల బండి కాదు. 2020లో వచ్చిన కొత్త థార్‌కు 2023 జనవరిలో వెనక చక్రాలకే శక్తి అందే రకం వచ్చి చేరింది. 2024లో వచ్చిన ఐదు తలుపుల రాక్స్‌లో కూడా రెండు రకాలూ ఉన్నాయి. బయటికి తేడా పెద్దగా తెలియదు. ఆ ఎత్తు, ఆ ముక్కు, ఆ చక్రాలు చూసి ధీమాగా ఒడ్డుకు దిగిన రెండు చక్రాల బండి మామూలు కారు కంటే లోతుకు వెళ్లి ఆగుతుంది, ఎందుకంటే మామూలు కారు అంత దూరం వెళ్లే సాహసమే చేయదు. 2023 జూన్‌లో వచ్చిన జిమ్నీలో మాత్రం రెండు చక్రాల రకం లేదు, అన్నీ ఫోర్ వీల్ డ్రైవే. బరువు తక్కువ కావడం ఇసుకలో దానికి కలిసొచ్చే గుణం.

ఎడారి నుంచి వచ్చిన విద్య

గాలి తీయడాన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు రాల్ఫ్ బాగ్నాల్డ్. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920ల చివర, 30ల మొదట్లో ఆయన మిత్రులతో కలిసి సెలవులు పెట్టుకుని ఫోర్డు కార్లలో లిబియా ఎడారిలోకి వెళ్లేవాడు. అంతకు ముందు మోటారు బండ్లకు అసాధ్యమనుకున్న ఇసుక సముద్రాన్ని ఆ కార్లతో దాటాడు. అవి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కావు, వెనక చక్రాలకే శక్తి అందే సాదా కార్లు! టైర్లలో గాలి తగ్గించాడు. కూరుకుపోయినప్పుడు చక్రాల కిందికి తోయడానికి పొడవాటి ఉక్కు రేకులు మోసుకెళ్లాడు. మరిగిన రేడియేటరు నీరు ఆవిరై పోకుండా పట్టి చల్లార్చే డబ్బా అమర్చాడు. దిక్సూచిని బండి ఇనుము తప్పుదారి పట్టిస్తుందని ఎండ నీడతో దిక్కు చెప్పే సాధనం వాడాడు.

1940లో ఇదే విద్యతో ఆయన సైన్యం కోసం లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్‌ను నిలబెట్టాడు. 1941లో, యుద్ధం నడుస్తుండగానే, గాలికి కదిలే ఇసుక భౌతికశాస్త్రం మీద ఆయన రాసిన పుస్తకం అచ్చయింది. ఇసుక దిబ్బల శాస్త్రానికి ఇప్పటికీ అదే పునాది. చక్రం కింద నలిగే రేణువును అంత శ్రద్ధగా చూసిన మనిషి మరొకరు లేరనిపిస్తుంది. కోనాడ పెద్దాయన కొబ్బరి మట్ట చేసిన పనీ, బాగ్నాల్డ్ ఉక్కు రేకు చేసిన పనీ ఒకటే. ఇవాళ బజారులో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ రికవరీ బోర్డులు ఆ కోవలోవే.

తడి గీత, పోటు, మొగ

ఎడారిలో లేనిది, ఒడ్డున ఉన్నది నీరు. పొడి రేణువులకు ఒకదాన్నొకటి పట్టుకునే శక్తి లేదు. కాస్త తడి తగిలితే రేణువుల మధ్య పల్చటి నీటి పొర చేరి వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. అందుకే పోటు వచ్చి వెనక్కి తగ్గిన మేర గట్టిగా ఉంటుంది. కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్ ఒడ్డున నాలుగు కిలోమీటర్ల దాకా మామూలు కార్లు కూడా తిరుగుతాయి. అక్కడి సన్నటి ఇసుక, చదునైన ఒడ్డు తడిసి గట్టిపడతాయి. అది చూసి వచ్చి మన తీరంలో అన్ని చోట్లా అలాగే ఉంటుందనుకోవడం పొరపాటు. ఏటవాలుగా, బరక ఇసుకతో ఉండే ఒడ్డున తడి కూడా నిలవదు.

నీరు మరీ ఎక్కువైనా ముప్పే. అల తాకే అంచున బండి ఆపి ఫొటోలు దిగేవాళ్లను ప్రతి ఆదివారం చూస్తుంటాం. వెనక్కి జారే ప్రతి అల చక్రం అడుగు నుంచి పిడికెడు ఇసుక తీసుకుపోతుంది. పది అలలకు చక్రం మునుగుతుంది. పోటు వస్తున్న వేళ అయితే ఇక బండి మీద ఆశ వదులుకోవాల్సిందే. విశాఖ, విజయనగరం తీరంలో పోటుకూ పాటుకూ ఎత్తులో తేడా సాధారణంగా ఒకటిన్నర మీటరు లోపే. వినడానికి తక్కువే గానీ చదునైన ఒడ్డు మీద అది చాలా దూరం లోపలికి వస్తుంది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. పోటు వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. నిన్న పొద్దున పదింటికి బాగున్న దారి నేడు పదింటికి బాగుండాలని లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మన తీరానికి ఆటుపోట్ల అంచనాలు, పెద్ద అలల హెచ్చరికలు ఇస్తూనే ఉంది. బయల్దేరే ముందు అది చూడడానికి రెండు నిమిషాలు చాలు. పేటలో అడిగితే అంతకంటే తక్కువ సమయంలో చెబుతారు.

అన్నిటికంటే నమ్మరానిది నది మొగ. ఒక వానాకాలం నుంచి మరో వానాకాలానికి దాని రూపు మారిపోతుంది. పైన ఎండి గట్టిగా కనిపించే ఇసుక కింద నీరు ఊరుతూ ఉంటుంది. బండి బరువు పడగానే అది పిండిలా జారిపోతుంది. చంపావతి అయినా, భీమిలి దగ్గర గోస్తని అయినా, వంశధార కలిసే కళింగపట్నం అయినా మొగ దగ్గర దిగి నడిచి చూడకుండా బండి పోనివ్వకూడదు. మడమ దిగబడిన చోట చక్రం దిగబడదనే పూచీ ఏమీ లేదు.

దివిసీమ: ఇసుకే దారి అయిన చోటు

మన దగ్గర ఇసుక మీద బండి నడపడం సరదా కాదు, అవసరం అయిన చోటు చూడాలంటే కృష్ణా పాయల నడుమనున్న దివిసీమకు వెళ్లాలి. కోడూరు మీదుగా హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప చేరితే తారు అయిపోతుంది. అక్కడినుంచి కృష్ణమ్మ సముద్రంలో కలిసే సాగర సంగమం దాకా కొన్ని కిలోమీటర్లు ఇసుకే దారి. ఒక పక్క సముద్రం, మరో పక్క మడ అడవి. 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఇది. నదిలో చేపలు పట్టి బతికే బావురు పిల్లికి ఆవాసం.

మాఘ పౌర్ణమికి వేలాది మంది సంగమ స్నానానికి వస్తారు. మెత్తటి మేరల్లో కార్లు చతికిలపడుతుంటే జనాన్ని చేరవేసేవి ట్రాక్టర్లే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పౌర్ణమి అంటే పెద్ద పోటు వచ్చే రోజు. చంద్రుడు, సూర్యుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చే ఆ రోజున నీరు ఎక్కువ లోపలికీ వస్తుంది, ఎక్కువ వెనక్కీ వెళుతుంది. పాటు వేళ విశాలంగా, గట్టిగా ఉండే ఒడ్డు కొన్ని గంటల్లోనే సన్నటి పొడి ఇసుక పట్టీగా మిగులుతుంది. జనం ఎక్కువగా వచ్చే రోజూ, దారి ఇరుకయ్యే రోజూ ఒకటే. ఆ దారిలో దశాబ్దాలుగా ట్రాక్టరు నడిపేవాళ్లు ఈ లెక్క పంచాంగం చూడకుండానే చెబుతారు. కొత్తగా జీపు తెచ్చేవాళ్లు వాళ్ల మాట వినాలి.

సముద్రం మనిషిని ఎలా తరుముతుందో దివిసీమకు బాగా తెలుసు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ ఊళ్లను ఊడ్చేసింది. పాలకాయతిప్ప, సొర్లగొంది పేర్లు వింటే ఇప్పటికీ పెద్దవాళ్ల గొంతు మారుతుంది. పది వేలకు మించి ప్రాణాలు పోయాయి. ఇక్కడి ఒడ్డు మీద ఆటలాడే ధైర్యం స్థానికులు చేయరు. వాహనం చెడిపోతే సామాను వదిలేసి మనుషులు ముందు గట్టెక్కాలన్నది వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేని మాట.

దీవి మొత్తం ఇసుకే

బ్రిస్బేన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు సెలవుల్లో ‘గారి’ వెళ్లి రావడం ఇష్టమైన యాత్ర. ఒకప్పుడు ఫ్రేజర్ ఐలండ్ అని పిలిచేవారు. 2023 జూన్ 7న ఆ దీవికి అక్కడి మూలవాసులైన బుచుల్లా ప్రజల పేరే అధికారికంగా తిరిగొచ్చింది. 120 కిలోమీటర్లకు పైగా పొడవు. ప్రపంచంలో అతి పెద్ద ఇసుక దీవి. 1992 నుంచి ప్రపంచ వారసత్వ సంపద. తారు రోడ్డు లేని ఆ దీవిలో తిరగడానికి ఎత్తయిన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లే గతి. ఇన్‌స్కిప్ పాయింట్ దగ్గర బండితో సహా బల్లకట్టు లాంటి పడవ ఎక్కాలి.

తూర్పు ఒడ్డున సెవెంటీ ఫైవ్ మైల్ బీచ్ ఉంది. చట్టం దృష్టిలో అది రహదారి. వేగ పరిమితి 80 కిలోమీటర్లు. తాగి నడిపితే, బెల్టు పెట్టుకోకపోతే పట్టణంలో ఎలాగో అక్కడా అలాగే కేసు. లోపలి అడవి దారుల్లో 30 మించకూడదు. బండికి ముందే అనుమతి పత్రం కొనాలి. పోటుకు రెండు గంటలు ముందు, రెండు గంటలు తర్వాత ఒడ్డున తిరగొద్దని అధికారులు హెచ్చరిస్తారు. 1935లో తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన మహీనో ఓడ తుప్పు అస్థిపంజరం ఆ దారిలోనే కనిపిస్తుంది. అదే ఒడ్డు మీద చిన్న విమానాలు కూడా దిగుతాయి. దిగేటప్పుడు బండ్లే దారి ఇవ్వాలి.

ఇన్ని నియమాలున్నా అక్కడ పల్టీలు కొట్టినవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చాలావరకు వేగం, ఒడ్డును కోస్తూ పారే సన్నటి వాగులను గమనించకపోవడం, పైన సామాను వేసి బండి తల బరువెక్కించడమే కారణాలు. నియమాలు ప్రమాదాలను పూర్తిగా ఆపవు. ఎవరు ఎక్కడ నడపాలో, ఎక్కడ నడపకూడదో స్పష్టం చేస్తాయి. మనకు లేనిది సరిగ్గా ఆ స్పష్టతే.

ఎక్కడ నడపకూడదు

ఇప్పుడు అసలు సంగతి. మన తీరం ఖాళీ మైదానం కాదు.

ఒడిశా రుషికుల్య మొగ దగ్గర 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అంత గుంపుగా కాకపోయినా ఏటా చలికాలం చివర నుంచి ఏప్రిల్ దాకా శ్రీకాకుళం మొదలు దివిసీమ దాకా మన ఒడ్డుకూ అవి వస్తాయి. తల్లి తాబేలు రాత్రివేళ పోటు గీత దాటి పైనున్న పొడి ఇసుకలో గొయ్యి తవ్వి వంద చిల్లర గుడ్లు పెట్టి కప్పి వెళ్లిపోతుంది. పైకి ఆనవాలే ఉండదు. పిల్లలు బయటికి రావడానికి సుమారు యాభై రోజులు. అప్పటి దాకా ఆ ఇసుక మీద చక్రం ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పిల్లలు పైకి వచ్చాక కూడా టైరు గాడి వాటికి లోయే. అడ్డంగా దాటలేక గాడి వెంబడే పాకుతూ అలసిపోతాయి. తెల్లారితే కాకులు, కుక్కలు సిద్ధం. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి ఇది. పులికి ఎంత రక్షణో చట్టం దీనికీ అంతే ఇచ్చింది.

పొడి ఇసుక మీద పాకే ఊదారంగు పూల తీగలు, మన వాళ్లు రావణాసురుని మీసాలనే ముళ్ల గడ్డి, ఇవే దిబ్బల్ని పట్టి నిలిపేవి. దిబ్బ నిలిస్తేనే వెనకున్న ఊరికి ఉప్పెన వేళ కాస్త అడ్డు. ఒక్కసారి జీపులు దారి చేస్తే ఆ గాడి వెంట గాలి దిబ్బను తొలిచేస్తుంది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మాట వేరే చెప్పాలి. వేల ఏళ్లుగా గాలీ నీరూ మలచిన ఆ ఇసుక భూవైజ్ఞానిక వారసత్వ ప్రదేశం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది. అక్కడ చక్రం పెట్టడం నేరంగానే చూడాలి.

ఇన్ని చెప్పి మరి ఒడ్డున బండి నడపడమే మానేయమంటారా అని సునాబెడ మిత్రులు అడిగారు. మానేయమనను. ఒక పద్ధతి ఉండాలంటాను. దిబ్బలు, గూళ్లు లేని కొన్ని మేరలను తీర జిల్లాల యంత్రాంగం, అటవీ శాఖ కలిసి గుర్తించాలి. బండికి అనుమతి పత్రం పెట్టాలి, దాని రుసుము ఆ ఊరి పంచాయతీకి చేరాలి. పోటు గీతకు దిగువన తడి ఇసుక మీదే నడవాలి. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే దారి ఉండాలి. జనవరి నుంచి మే దాకా పూర్తిగా మూసెయ్యాలి. సూర్యాస్తమయం తర్వాత ఏ నెలలోనూ వద్దు. కూరుకున్న బండిని లాగే పని పేట ట్రాక్టరు వాళ్లకే ధర కట్టి అప్పగించాలి. వాళ్లకంటే ఆ ఇసుక ఎవరికి తెలుసు? ఇవేవీ లేనంతకాలం ఒకరోజు విచ్చలవిడితనం, మరోరోజు పూర్తి నిషేధం తప్ప మధ్యస్థంగా ఏదీ ఉండదు.

తిరుగు ప్రయాణంలో

బండి లాగించుకోవాల్సి వస్తే ఒక్క జాగ్రత్త మరవొద్దు. తాడు బండి ఛాసిస్‌కు బిగించిన అసలు హుక్కుకే కట్టాలి. ట్రైలరు తగిలించే ఉక్కు గుండుకు ఎప్పుడూ కట్టకూడదు. అది విరిగితే తాడు లాగుడికి తూటాలా ఎగిరొస్తుంది. విదేశాల్లో అలా ప్రాణాలు పోయాయి. తాడు బిగిసి ఉన్నంతసేపూ పిల్లలూ పెద్దలూ తాడు పొడవు కంటే ఎక్కువ దూరంలో నిలబడాలి.

ఒడ్డు దాటగానే మంచినీటితో అడుగు భాగం కడిగించాలి. పైన మెరిసేలా కాదు, కిందే. ఛాసిస్ సందులు, స్ప్రింగు పట్టీలు, బ్రేకుల లోపలి ఇసుక. ఉప్పు తిన్న ఇనుము మరుసటి వానాకాలానికి పొక్కులు లేస్తుంది. మెకానిక్‌కు ‘సముద్రానికి వెళ్లొచ్చాం’ అని చెబితే గ్రీజు ఎక్కడ పెట్టాలో అతనికి తెలుసు.

గాలి మాట చివర్లో మళ్లీ ఎందుకంటే, దించిన గాలి ఎక్కించుకోవడం మరిచిపోయేవాళ్లు ఎక్కువ. 15 పీఎస్ఐతో తారు రోడ్డు మీద వేగంగా పోతే టైరు పక్కలు మడతలు పడుతూ వేడెక్కి చీలిపోతాయి. విజయనగరం, రామభద్రపురం దాటేదాకా నేల చదునుగా ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. సాలూరు దాటాక 26వ నంబరు జాతీయ రహదారి ఘాట్ ఎక్కడం మొదలుపెడుతుంది. మలుపు మలుపుకూ బరువంతా బయటి చక్రాల మీద పడుతుంది, ఎదురుగా ఖనిజం లారీలు దిగుతుంటాయి. అలాంటి చోట మెత్తటి టైరు రిమ్ము వదిలేస్తే పక్కన లోయే. చిన్న కంప్రెసరు బండిలో ఉంటే ఒడ్డునే పట్టించుకోవచ్చు. లేకపోయినా సాలూరు లారీల ఊరు, గాలి కొట్టే కొట్లకు కొదవ లేదు. ముందు ఎంత, వెనక ఎంత అన్నది డ్రైవరు తలుపు అంచున అంటించిన స్టిక్కరు మీదే రాసి ఉంటుంది. ఆ అంకె చూసి, స్టెప్నీతో సహా గాలి సరిచేయించుకుని, లివరు మళ్లీ రెండు చక్రాలకు మార్చుకున్నాకే ఘాట్ దారిలో సుంకి వైపు బండి తిప్పాలి.